నాలుగొందల డిగ్రీల రంగు

ఆదివారం పొద్దున్న కాఫీ గ్లాసు కింద పెడుతూ చంద్రరావు తన పథకం భార్యకు చెప్పాడు. బుధవారం ఉదయం ఆరింటికల్లా తణుకులో బయల్దేరాలి. రాజమండ్రిలో కూతురు దేవిశ్రీని, ఆమె అత్తమామలను కారెక్కించుకోవాలి. అన్నవరం కొండెక్కి సత్యనారాయణస్వామి వ్రతం చేయించి, అందరూ ప్రసాదం తిని స్థిమితపడ్డాక వియ్యంకుణ్ణి అసలు విషయం అడగాలి.

అసలు విషయం ఉద్యోగం. దేవిశ్రీకి ప్రభుత్వ పాఠశాలలో టీచరు పోస్టు వచ్చింది. ఊరు గోదావరికి అవతలి గట్టున, కొవ్వూరు దగ్గర. రేపు కాక పై సోమవారంలోగా చేరకపోతే ఆ పోస్టు జాబితాలో తరవాతి పేరుకు పోతుంది. అల్లుడు పృథ్వీకి అభ్యంతరమేమీ లేదు. "నాన్నగారు సరేనంటే చాలండి" అన్నాడు. ఆ నాన్నగారి పేరు జగన్నాథరావు. నీటిపారుదల శాఖలో ముప్ఫై మూడేళ్ళు ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన చేత సరేననిపించడం ఎలాగన్నదే చంద్రరావు బెంగ. ఎందుకంటే పెళ్ళినాడు మధ్యాహ్నం ఆయన నోట ఒక్కటే మాట వినపడింది: "వద్దు". పందిరి ఈ కొసన నిలబడి చంద్రరావు లెక్కపెట్టాడు. పదకొండుసార్లు.

దీనికి చంద్రరావు దగ్గర ఒక సిద్ధాంతం ఉంది. వియ్యంకుడు మనిషి మంచివాడే, కాకపోతే ఎండ పడదు. పెళ్ళి మే నెలలో జరిగింది. నెత్తి మాడుతుంటే ఎవరి నోటికైనా "వద్దు" అనే వస్తుంది. మనిషిని చల్లగా ఉంచితే "సరే" దానంతటదే వస్తుంది. ఇప్పుడు కూడా రోహిణి కార్తె నడుస్తోంది. అందుకే ఈ ప్రయాణం బస్సులో కాదు, రైల్లో కాదు, మూడు నెలల కిందట ఒక డాక్టరు దగ్గర కొన్న నల్ల అంబాసిడర్‌లో. డాక్టరు దానికి ఏసీ పెట్టించుకున్నాడు. ఆ సంగతి వియ్యంకుడికి ఫోనులో మూడుసార్లు చెప్పాడు కూడా.

ఇందులో లోపం ఒక్కటే. ఆ ఏసీ వారం రోజులుగా పనిచెయ్యడం లేదు.

"మెకానిక్కుని పిలిపించండి" అంది సూర్యకళ.

"రాజమండ్రి నుంచి రావాలి. శుక్రవారం గానీ రానన్నాడు."

"ప్రయాణం బుధవారం కదండీ?"

"అందుకే నేనే బాగుచేస్తున్నాను."

ఆయన చేతికి స్క్రూడ్రైవరు వచ్చాక ఏం చెప్పినా వృథా అని ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆవిడకు తెలిసొచ్చింది. ఆవిడ తన భారం పోయిన వారమే దేవుడి మీద వేసేసింది. అమ్మాయికి ఉద్యోగం దక్కితే కొండకు వస్తామని మొక్కుకుని, పసుపుగుడ్డలో రూపాయి బిళ్ళ పెట్టి ముడుపు కట్టింది. దేవుడి గదిలో ఉంచితే వియ్యపురాలు ప్రసన్నకుమారి కంటపడుతుంది. ఆవిడకు ఎవరింటికి వెళ్ళినా ముందు దేవుడి గది చూసే అలవాటు, ముడుపు కనిపిస్తే దేనికో చెప్పేదాకా వదలదు. అందుకని, ఎలాగూ కొండకు వెళ్ళేది ఈ కారే కదా అని, ముందు సీటు ఎదురుగా ఉన్న సామాన్ల అరలో దాచి ఊరుకుంది.

చంద్రరావుకు బజారులో రంగుల కొట్టు ఉంది. లోకంలో ఏ లోపమైనా లప్పం పెట్టి రంగేస్తే సర్దుకుంటుందన్నది ఆయన ఇరవై ఆరేళ్ళ అనుభవం. గోడల విషయంలో అది నిజమే.

ఆయన బానెట్టు ఎత్తి, ఇంజను స్టార్టు చేసి, ఏసీ మీట నొక్కి, లోపలి గొట్టం ఒకటి పట్టుకుని చూశాడు. గొట్టం ఐసుముక్కలా ఉంది, పైన నీటిచుక్కలు కూడా పట్టాయి. కారులో కూర్చుని చూస్తే మాత్రం జాలీలోంచి వచ్చే గాలికి దీపం కూడా ఆరేలా లేదు. చలి పుడుతోంది గానీ మనిషి దాకా రావడం లేదు. అంటే మధ్యలో ఎక్కడో కారిపోతోందని తీర్మానించుకున్నాడు.

ఎక్కడ కారిపోతోందో కనిపెట్టడానికి గుప్పెడు అగరొత్తులు వెలిగించి, అద్దాల అంచుల వెంట తిప్పుతూ పొగ ఎటు పోతోందో చూడసాగాడు. సూర్యకళ గుమ్మంలోంచి చూసింది. గబగబా లోపలికి వెళ్ళి కొబ్బరికాయ, కర్పూరం పట్టుకొచ్చింది.

"కారుకి పూజ చేస్తున్నానని ఒక్క మాట చెప్పచ్చు కదండీ. ఇంత హడావిడి ఉండేది కాదు."

"పూజ కాదే, రిపేరు."

"అగరొత్తులతోనా?"

"పొగ ఎటు పోతే చలీ అటే పోతున్నట్టు."

దేవుడి పేరు మీద తెచ్చిన కాయ వెనక్కి పట్టుకెళ్ళకూడదని ఆవిడ అక్కడే బంపరు ముందు కొట్టింది. చప్పుడు విని వీధిలో నలుగురు వచ్చారు. కొబ్బరిముక్క నోట్లో వేసుకుని, వచ్చాం కదా అని తలో సలహా చెప్పి వెళ్ళారు. మధ్యాహ్నానికి చంద్రరావు నాలుగు అద్దాల అంచులూ లప్పంతో మూసేశాడు. నికార్సైన సరుకు, కొట్లో అన్నిటికంటే ఖరీదైనది. సాయంత్రానికి రాయిలా బిగిసింది.

"ఇంక అద్దాలు దించడం ఎలాగండీ?" అంది సూర్యకళ.

"ఏసీ కారుకి అద్దాలు దించే పనేముంటుంది?"

తలుపులు వేసుకుని అయిదు నిమిషాలు కూర్చుని చూశాడు. ఇదివరకు కాస్తో కూస్తో వచ్చే బయటి గాలి కూడా ఇప్పుడు లేదు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంది. దిగి, కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, లప్పంలో తప్పేమీ లేదని, తప్పంతా రంగులో ఉందని తేల్చాడు. నలుపు వేడిని లాక్కుంటుంది. డాక్టరుకి రంగుల సంగతి తెలియదు, పాపం.

సోమవారం భోజనాల దగ్గర ఈ మాట వచ్చింది.

"అయితే తెలుపు వేయించండి. మేడ మీద సున్నం కొట్టిస్తే కింద గదులు చల్లబడలేదూ?" అంది సూర్యకళ.

అది సరైన మాట. ఆ మాట చంద్రరావుకు ముందు తోచి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. భార్య నోట వచ్చింది కనుక ఆయన మరో దారి వెతుక్కున్నాడు. కొట్లో పైఅరలో చక్కెర ఫ్యాక్టరీ బాయిలర్లకు వేసే వెండిరంగు డబ్బాలున్నాయి. వాటి మీద పెద్ద అక్షరాలతో నాలుగొందల డిగ్రీల వేడి తట్టుకుంటుందని రాసి ఉంది. రెండు డబ్బాలు ఇంటికి తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు.

"తెలుపు నాలుగొందల డిగ్రీలు తట్టుకుంటుందా?"

"మన తణుకులో నలభై నాలుగే కదండీ."

"అదే చెప్తున్నాను. ఇంకా మూడొందల యాభై ఆరు డిగ్రీలు మనకి మిగులుతాయి."

"మిగిలినవి ఏం చేసుకుంటామండీ?"

"నీకు శాస్త్రం అర్థంకాదు. బాయిలరుకి వేస్తే లోపలి వేడి బయటికి రాదు. కారుకి వేస్తే బయటి వేడి లోపలికి రాదు. అంతే."

నిజానికి ఆ డబ్బా అలాంటి హామీ ఏదీ ఇవ్వలేదు. కింద ఇనుము ఎంత కాలినా తాను ఊడిరానని మాత్రమే చెప్పింది. అయినా చంద్రరావు పని మొదలుపెట్టే ముందు దొరబాబుకు ఫోన్ చేశాడు. దొరబాబు బాయిలర్లకు రంగులు వేయించే మేస్త్రీ, కొట్టుకు పాత ఖాతాదారు.

"దొరబాబూ, వెండిరంగు రెండు కోటింగులు సరిపోతాయా?"

"ఏ బాయిలరుకండి?"

నల్ల అంబాసిడర్‌కి అని చెప్పడానికి చంద్రరావుకు నోరు రాలేదు. ఇన్నేళ్ళూ దొరబాబే ఆయన్ని సలహా అడుగుతూ వచ్చాడు. ఇప్పుడు చులకనైపోవడం ఎందుకు?

"ఉందిలే, ఓ చిన్న బాయిలరు."

"రెండు చాలండి. ఆరడం గురించి బెంగెట్టుకోకండి. ఎలిగించగానే ఆరిపోద్ది."

ఇంజను ఎలాగూ స్టార్టు చేస్తాం కదా అనుకున్నాడు చంద్రరావు. సాయంత్రం లోపల రెండు కోటింగులూ స్వహస్తాలతో వేశాడు. కారు తళతళలాడింది.

మంగళవారం పొద్దున్న వేలు పెట్టి చూస్తే వేలికి వెండి అంటింది. ఇంజను స్టార్టు చేసి వదిలేశాడు. తొమ్మిదింటికి మళ్ళీ వేలు పెట్టాడు, మళ్ళీ అంటింది. ఆరిందా లేదా అన్న ప్రశ్న వీధిలోకి పాకింది. పాలు పోసే ఆవిడ ఒక వేలు పెట్టింది. పక్కింటి పెద్దాయన రెండు వేళ్ళు పెట్టి ఇంకా పచ్చిగానే ఉందన్నాడు. పోస్టుమాన్ ఉత్తరం ఇచ్చి, బొటనవేలు పెట్టి, సంచీకి తుడుచుకుని పోయాడు. మధ్యాహ్నానికి కారు మీద ఆ వీధివాళ్ళందరి వేలిముద్రలూ ఉన్నాయి. చంద్రరావు మళ్ళీ దొరబాబుకు ఫోన్ చేశాడు.

"ఆరలేదేంటి దొరబాబూ?"

"ఎలిగించారాండి?"

"పొద్దున్నించి ఇంజను తిరుగుతూనే ఉంది."

"బాయిలరుకి ఇంజనేంటండి?"

చంద్రరావు ఉన్న సంగతి చెప్పాడు.

"కారుకేశారా? అయ్యబాబోయ్! అది గట్టిపడాలంటే రెండొందల డిగ్రీలు తగలాలండి. లేపోతే ఎన్నాళ్ళైనా ఆరదు. డబ్బా ఎనకాల రాసుంటాది సూడండి."

చంద్రరావు డబ్బా వెనక్కి తిప్పాడు. చీమ తలకాయంత అక్షరాల్లో రాసే ఉంది. ఇన్నేళ్ళుగా అమ్ముతున్న డబ్బాకు వెనకవైపు కూడా ఉంటుందని ఆయన అప్పుడే చూశాడు. ఆ రోజు ఎండ నలభై అయిదు. రోళ్ళు పగిలే ఎండ అని గోదావరి జిల్లాల్లో జనమంతా తడిగుడ్డలు నెత్తిన వేసుకుని సూర్యుణ్ణి తిట్టుకుంటుంటే, చంద్రరావు ఒక్కడు వాకిట్లో నిలబడి ఇంకో నూట యాభై అయిదు డిగ్రీలకు ఎదురుచూశాడు.

"అద్దెకారు మాట్లాడుకుందామండీ" అంది సూర్యకళ సాయంత్రం.

"మన ఏసీ కారని మూడుసార్లు చెప్పానే. ఇప్పుడు అద్దెకారులో వెళ్తే ఏమనుకుంటారు? అమ్మాయి మాట ఏ మొహం పెట్టుకుని ఎత్తను?"

దేవిశ్రీ చిన్నప్పుడు బడి నుంచి నేరుగా కొట్టుకు వచ్చేది. రంగు డబ్బాల్ని వరసగా నిలబెట్టి హాజరు వేసేది. నీలం వచ్చిందా, పసుపు వచ్చిందా, ఎరుపు నిన్నెందుకు రాలేదు అని అడిగేది. ఒక్కొక్క డబ్బా తరపునా చంద్రరావే "వచ్చానండి టీచరుగారూ" అనేవాడు. అలాంటి పిల్లకు నిజంగా టీచరు ఉద్యోగం వస్తే, వియ్యంకుడి నెత్తి వేడెక్కిందన్న కారణంతో పోవడం ఆయన ఊహించలేకపోయాడు. సూర్యకళ సీట్ల మీద పాత దుప్పట్లు పరిచింది.

బుధవారం రాజమండ్రి చేరేసరికి ఆవిడ నుదుటి కుంకుమ ముక్కు దాకా కారింది. గేటు దగ్గర జగన్నాథరావు మడత నలగని తెల్ల గ్లాస్కో పంచె, తెల్ల లాల్చీలో నిలబడి ఉన్నాడు. పక్కన ప్రసన్నకుమారి నేరేడుపండు రంగు పట్టుచీరలో ఉంది. దేవిశ్రీ పూజసామాను సంచి పట్టుకుని వెనకాల నిలబడింది. జగన్నాథరావు కారును తలనుంచి కాళ్ళ దాకా చూశాడు.

"ఏంటి బావగారూ, బీరువాకి చక్రాలు బిగించారా?"

"వేడి తగలకుండా స్పెషలు రంగండి."

"మొన్న నల్లగా ఉండేదే?"

"మొన్న వేడి తగిలేదండి."

చంద్రరావు జేబురుమాలు అడ్డం పెట్టుకుని తలుపు తెరిచాడు. "మీరు చెయ్యి వెయ్యకండి బావగారూ. మీరు కూర్చోండి చాలు."

"అయ్యో, అంత మర్యాదెందుకండీ? మీరు పెద్దవారు. ముందు మీరెక్కండి, తలుపు నేను వేస్తాను."

"అబ్బే, మీరెక్కండి."

"అబ్బెబ్బే, మీరు."

పచ్చిరంగు అని ఒక్క మాట చెప్తే పోయేది. చెప్తే ఏసీ సంగతీ, లప్పం సంగతీ, అసలు సంగతీ వరసగా బయటికి వస్తాయని చంద్రరావు భయం. ఆయన తలుపు వదల్లేదు. మర్యాదలో ఓడిపోవడం జగన్నాథరావు వంశంలో లేదు, ఆయనా వదల్లేదు. చివరికి జగన్నాథరావు కుడి అరచెయ్యి టాపు మీద ఆనించి, ఎడమ భుజం తలుపుకు రాసుకుంటూ లోపలికి వంగాడు. కూర్చున్నాక ఆ అరచేత్తోనే నుదుటి చెమట తుడుచుకున్నాడు. నుదురంతా వెండయిపోయింది. దేవిశ్రీ చూసి నోరు తెరవబోయింది. అద్దంలోంచి తండ్రి కళ్ళతో వేడుకున్నాడు. ఆ పిల్ల నోరు మూసుకుంది.

రాజానగరం దాటేసరికి కారులో అందరి బట్టలూ చెమటకు తడిసిపోయాయి. ప్రసన్నకుమారి తమలపాకుల కట్టతో విసురుకుంటోంది.

"ఏసీ ఉందన్నారు కదండీ?" అన్నాడు జగన్నాథరావు.

"వేశానండి. నెమ్మదిగా అందుకుంటుంది."

ఇంకో నాలుగు కిలోమీటర్లు పోయాక, "పోనీ అద్దం దించుతానుండండి" అని ఆయన పిడి తిప్పాడు. పిడి తిరిగింది గానీ అద్దం దిగలేదు. గట్టిగా తిప్పాడు. పిడి ఊడి చేతిలోకి వచ్చింది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆయన ఎదురుగా రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. చంద్రరావు మనసులో పదకొండుకు పక్కన పన్నెండు వేసి పెట్టుకున్నాడు.

జగ్గంపేట దగ్గర జగన్నాథరావు ఒక్కటే మాట అన్నాడు. "ఆపండి."

కారు టీకొట్టు పక్కన వేపచెట్టు కింద ఆగింది. నీడ పల్చగా ఉంది, తొమ్మిదిన్నరకే తారురోడ్డు మెత్తబడుతోంది. జగన్నాథరావు దిగి, ఇంజను ఆపకుండా బానెట్టు ఎత్తమన్నాడు. చంద్రరావు ఎత్తాడు. ఆయన గొట్టం పట్టుకుని చూశాడు. మళ్ళీ ముందు సీట్లో కూర్చుని జాలీ దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. చంద్రరావు తల వంచుకుని నిలబడ్డాడు.

"స్క్రూడ్రైవరుందాండీ?"

"ఎందుకండీ మీకు శ్రమ, నేను..."

"మీరు చేసినంత చాలు గానీ ఇటివ్వండి. కాలవలో నీళ్ళున్నాయి, చేలోకి రావట్లేదు. అంటే తూములో ఏదో అడ్డం పడ్డట్టే కదా. ముప్ఫై మూడేళ్ళు ఇదే పని చేశానండి. సగం తూముల్లో గుర్రపుడెక్క, మిగతా సగంలో ఎవరిదో గోనెసంచి."

తెల్ల పంచె ఎగ్గట్టి, ముందు సీటు దగ్గర గొంతుక్కూర్చుని, సామాన్ల అర మొత్తం విప్పి బయట పెట్టాడు. అర వెనక రేకుకు ఒక చీలిక ఉంది. దాని కింద ఏసీ గాలి పీల్చుకునే నోరు ఉంది. ఆ నోటికి అడ్డంగా, లోపలికి పీల్చుకుపోయి, పసుపుపచ్చగా ఏదో అతుక్కుని ఉంది. ఆయన రెండు వేళ్ళతో పట్టి లాగాడు. జాలీలన్నిట్లోంచీ చల్లగాలి ఒక్కసారి బయటపడింది. వెనక సీట్లో ప్రసన్నకుమారి కొంగు ఎగిరింది.

సూర్యకళ చూడగానే గుర్తుపట్టింది. తను దాచిన ముడుపే అది. చీలికలోంచి జారి దిగిపోయి, ఇన్నాళ్ళూ గాలికి అడ్డంపడి కూర్చుంది.

"ముడుపండీ అది! కింద పెట్టకండి!" అని ప్రసన్నకుమారి అరుస్తూ కారు దిగింది. "చేతికొచ్చిన ముడుపు దేనికో తెలియకుండా కింద పెట్టకూడదు. ఎవరు కట్టారు?"

"నేనేనండీ వదినగారూ."

"దేనికండీ?"

జగన్నాథరావు ఎండలో నిలబడి ఉన్నాడు. నుదుటి మీద వెండి, పంచె మీద వెండి, చేతులకు గ్రీజు, ఆ చేతుల్లో ముడుపు. ఆయన్ని ఏదైనా అడగడానికి ఇంతకంటే వేడి ముహూర్తం ఈ భూమ్మీద ఉండదని చంద్రరావుకు అనిపించింది.

"అబ్బే, కారు బాగుండాలనండీ. అంతే" అన్నాడు.

"ముడుపు ముందు అబద్ధాలేంటండీ!" అని సూర్యకళ లెంపలు వేసుకుంది.

దేవిశ్రీ పూజసామాను సంచి కిందికి దించి ముందుకు వచ్చింది. "నా ఉద్యోగం కోసం కట్టింది మావయ్యగారూ. కొవ్వూరు దగ్గర టీచరు పోస్టు వచ్చింది. సోమవారంలోగా చేరాలి. నాకు చెయ్యాలనుంది. ఆర్డరు వచ్చిన రోజే మిమ్మల్ని అడుగుదామనుకున్నాను. మీరు చల్లగా ఉన్నప్పుడు అడగాలని నాన్న ఆపారు."

జగన్నాథరావు ముడుపు వైపు చూశాడు, కోడలి వైపు చూశాడు.

"వద్దు" అన్నాడు.

చంద్రరావు కళ్ళు మూసుకున్నాడు.

"బస్సులో వద్దమ్మా. వంతెన మీద ఒక్క లారీ ఆగిందంటే నీ బడి అయిపోయాక గానీ చేరవు. పాసింజరు రైలుకి వెళ్ళు." ఆయన ముడుపు ఎడమచేతిలోకి మార్చుకుని, లాల్చీ జేబులోంచి మడత కాగితం తీసి ఇచ్చాడు. రాజమండ్రి నుంచి కొవ్వూరుకు పోయే రైళ్ళు, వచ్చే రైళ్ళు, వేళలతో సహా అందులో వరసగా రాసి ఉన్నాయి. కాగితం మీద ఆయన బొటనవేలి వెండి ముద్ర పడింది.

"అయితే మీకు ముందే తెలుసాండీ?" అన్నాడు చంద్రరావు కళ్ళు తెరుస్తూ.

"పృథ్వీ ఆ రోజే చెప్పాడు. మీరెవరూ నోరు మెదపరే! అడగందే సరేనని ఎలా అంటానండీ? అడుగుతారు అడుగుతారని కాగితం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను."

దేవిశ్రీ ఏడుపూ నవ్వూ కలిసిపోయి ఆయన కాళ్ళకు దండం పెట్టబోయింది. "ముడుపు చేతిలో ఉంది, నాకు కాదు" అని ఆయన కంగారుగా వెనక్కి జరిగి, వీపు కారుకు ఆనించాడు. దాంతో లాల్చీ వెనకవైపు కూడా వెండయింది.

మళ్ళీ బయల్దేరాక చాలాసేపు చంద్రరావు ఓర్చుకున్నాడు. కత్తిపూడి దగ్గర ఇక ఆగలేకపోయాడు.

"మరి పెళ్ళిలో అన్నిసార్లు వద్దన్నారు కదండీ బావగారూ? నేను విన్నాను. పదకొండుసార్లు."

"అనక ఏం చెయ్యమంటారండీ? మీ వంటవాడు బూరెల పళ్ళెం పట్టుకుని నా విస్తరి దగ్గరే నిలబడ్డాడు."

"పదకొండుసార్లు వద్దన్నారు, పదకొండు బూరెలూ తిన్నారు" అంది ప్రసన్నకుమారి. "రెండు రోజులు మజ్జిగ మీదున్నారు."

చంద్రరావు దీని గురించి ఆలోచిస్తుండగా జగన్నాథరావు తుమ్మాడు. ఆపకుండా నాలుగుసార్లు తుమ్మాడు.

"ఏమీ అనుకోకండి బావగారూ, అది కాస్త కట్టెయ్యండి. నాకు ఏసీ పడదు. ఎండంటారా, ఎంత ఎండైనా ఓర్చుకుంటాను. కాలవ గట్ల మీద తిరిగిన ఉద్యోగం కదా."

చంద్రరావు ఏసీ కట్టేశాడు. అద్దాలు దిగవు కనుక, మిగిలిన దూరం నాలుగు తలుపులూ రెండంగుళాలు తెరిచి, తలుపు పక్కనున్నవాళ్ళు తలా ఒకటి లోపల్నుంచి చేత్తో పట్టుకుని, ఎడ్లబండి వేగంతో అన్నవరం చేరారు. కొండ మీద వ్రతం చేయించిన పంతులుగారు జగన్నాథరావు నుదురు చూసి, సత్యదేవుడి వ్రతానికి ఇంత దట్టంగా విభూతి పెట్టుకొచ్చిన భక్తుణ్ణి చూడలేదని మెచ్చుకున్నారు. ముడుపును జగన్నాథరావే స్వయంగా హుండీలో వేశాడు.

దేవిశ్రీ సోమవారం పాసింజరులో వెళ్ళి ఉద్యోగంలో చేరింది. ఇప్పటికి రెండు ఇంక్రిమెంట్లు కూడా వచ్చాయి. లప్పం గీకించేశారు, అద్దాలు దిగుతున్నాయి, ఏసీ చల్లగా వస్తోంది.

రంగు మాత్రం ఇంకా ఆరలేదు.